స్కైలాబ్ ముక్క నుంచి రెండు రూపాయల నోటు దాకా

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి కావాలని కార్యవర్గం వారు కోరినప్పుడు, బొబ్బిలి యుద్ధమో, వేగావతి వరదలో, సాలూరు లారీల పుట్టుపూర్వోత్తరాలో రాస్తానని అందరూ అనుకున్నారు. వాటి గురించి నాకంటె బాగా తెలిసిన పెద్దలు మనలో ఉన్నారు. తపాలా శాఖలో ముప్పై అయిదేళ్లకు పైగా పనిచేసిన నాకు స్టాంపుల పిచ్చి ఉన్నదన్న సంగతి మిత్రులందరికీ విదితమే. ఆ పిచ్చిలో ఒక పాయ అంతరిక్షానికి సంబంధించిన వస్తువుల సేకరణ. ఇవి దొరకడం కష్టం. కొన్ని ఆకాశంలోనే కాలిపోయాయి, కొన్ని సముద్రం అడుగున ఉన్నాయి, మరికొన్ని ప్రభుత్వాల ఆస్తి కనుక ఎవరూ దాచుకోవడానికి వీల్లేదు. అయినా వీటిలో కొన్ని మన ఇళ్లలోనే, మనకు తెలియకుండానే ఉన్నాయి. ఆ వైనం చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

1979వ సంవత్సరం నుంచి మొదలుపెడతాను. ఆ ఏడు జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడింది. అంతవరకు శ్రీకాకుళం జిల్లాలో ఉన్న మన సాలూరు తాలూకా కొత్త జిల్లాలో చేరింది. ఆఫీసుల్లో రబ్బరు ముద్రలు మార్చుకోవడం, చిరునామాల్లో జిల్లా పేరు దిద్దుకోవడం ఇంకా పూర్తికాలేదు. సరిగ్గా నలభై రోజులు తిరిగేసరికి స్కైలాబ్ వచ్చి పడింది.

స్కైలాబ్ అంటే అమెరికా వారు 1973 మే 14న సాటర్న్ రాకెట్ మీద పంపిన అంతరిక్ష ప్రయోగశాల. బరువు సుమారు 77 టన్నులు. మన వాళ్లకు అర్థమయ్యేట్టు చెప్పాలంటే, ఆ రోజుల్లో సాలూరు నుంచి బయలుదేరే నిండు లోడు లారీలు అయిదారు కలిపి ఆకాశంలో తిరుగుతున్నట్టు. ముగ్గురు చొప్పున మూడు బృందాలు అందులో నివసించాయి. మొదటి వారు 28 రోజులు, రెండవ వారు 59 రోజులు, మూడవ వారు 84 రోజులు ఉన్నారు. 1974 ఫిబ్రవరి 8న చివరి బృందం దిగిపోయాక అది ఖాళీ ఇల్లు అయింది. తర్వాత స్పేస్ షటిల్‌ను పంపి దాన్ని మరికొంత ఎత్తుకు నెడదామని అనుకున్నారు. షటిల్ తయారీ ఆలస్యమైంది. ఈలోగా సూర్యుడి మీద అలజడి అనుకున్నదానికంటె ఎక్కువైంది. దాని వేడికి భూమి చుట్టూ ఉన్న పైపొర గాలి ఉబ్బి స్కైలాబ్‌కు అడ్డు తగిలింది. వేగం తగ్గింది, ఎత్తు తగ్గింది. ఇక పడిపోవడం తప్పదని తేలింది. ఎక్కడ పడుతుందన్నది మాత్రం చివరి గంటల వరకు ఎవరూ చెప్పలేకపోయారు.

భూమధ్యరేఖకు ఇటు 50 డిగ్రీలు, అటు 50 డిగ్రీలు దాని దారి. భారతదేశం మొత్తం ఆ దారి కిందే ఉంది. ఎవరో ఒక మనిషికి దెబ్బ తగిలే అవకాశం 152లో ఒక వంతు అని అమెరికా వారు లెక్క కట్టారు. ఫలానా మనిషికే తగిలే అవకాశం ఆరువందల బిలియన్లలో ఒకటి. ఈ రెండవ లెక్క మన దాకా రాలేదు. వచ్చినా ఎవరు వింటారు? ఆంధ్రదేశమంతటా ఆ వారం పదిరోజులు ఎలా గడిచాయో అరవై దాటిన వారందరికీ గుర్తే. కోళ్లు, మేకలు కోసుకుని తిన్నవారు, అప్పు చేసి పిండివంటలు వండుకున్నవారు, చస్తే సొంత ఊళ్లో చద్దామని పట్నాల నుంచి వచ్చేసినవారు, గుళ్లలో పూజలు చేయించినవారు, ఇలా ప్రతి ఊరికీ ఒక కథ ఉంది. ఈ మధ్య 2021లో ఆ పేరుతోనే తెలుగులో ఒక సినిమా కూడా వచ్చింది. తెలంగాణలోని బండలింగంపల్లి అనే ఊళ్లో జరిగినట్టుగా తీశారు. మన ఏజెన్సీ దిగువ పల్లెల్లో తీసినా అదే కథ అయ్యేది.

ఆ రోజుల్లో పోస్టాఫీసు కౌంటరు దగ్గర కూర్చున్న వారికి ఊరి గుండె చప్పుడు ముందుగా తెలిసేది. పొదుపు ఖాతాల్లోంచి డబ్బు తీసుకునేవారు పెరిగారు. పాచిపెంట వైపు నుంచి వచ్చిన ఒక ముసలమ్మ పాసుపుస్తకం చేతిలో పెట్టి, "బాబూ, ఆకాశంలోది పడిపోతాదంట గదా, నా డబ్బులిచ్చీ బాబూ" అంది. "పడితే డబ్బులేం చేసుకుంటావమ్మా?" అని అడిగాను. "మనవలికి మిఠాయి కొని పెడతాను. మరి దాచుకుని ఏటి చేత్తాను?" అంది. ఆ మాటకు జవాబు ఏ నిబంధనల పుస్తకంలోనూ లేదు. ఉన్న నలభై రూపాయల్లో ఖాతా మూసుకుపోకుండా అయిదు ఉంచి మిగతాది ఇచ్చాం.

జులై 11, బుధవారం. మన కాలమానం ప్రకారం రాత్రి పదిగంటలు దాటాక స్కైలాబ్ వాతావరణంలో ప్రవేశించి ముక్కలైంది. హిందూ మహాసముద్రంలో కొంత, పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఎస్పెరెన్స్ పట్టణం పరిసరాల్లోను ఆ వెనక ఉన్న బీడు భూముల్లోను కొంత రాలింది. అక్కడ అప్పటికి అర్ధరాత్రి దాటింది. ఒక్కరికీ గాయం కాలేదు. మర్నాడు మన వైపు ఊపిరి పీల్చుకుని, తిన్న కోళ్ల లెక్కలు చూసుకున్నారు.

అసలు సేకరణ కథ ఇక్కడే మొదలైంది. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో ఎగ్జామినర్ అనే పత్రిక, స్కైలాబ్ ముక్కను పడిన 72 గంటల్లోగా తమ కార్యాలయానికి ముందుగా తెచ్చిన వారికి 10,000 డాలర్లు ఇస్తామని ప్రకటించింది. అది అమెరికాలో పడదన్న ధైర్యం కాబోలు! ఎస్పెరెన్స్‌లో స్టాన్ థార్న్‌టన్ అనే పదిహేడేళ్ల కుర్రవాడు తన ఇంటి వద్ద దొరికిన మాడిన ముక్కల్ని సంచిలో వేసుకుని, విమానమెక్కి గడువులోగా వెళ్లి బహుమతి గెలుచుకున్నాడు. ఎస్పెరెన్స్ పురపాలకులు మరో పని చేశారు. మా ఊళ్లో చెత్త పారవేశారంటూ అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకు 400 డాలర్ల జరిమానా వేశారు. అది సరదాకు వేసిందే అయినా ముప్పై ఏళ్లు బాకీగా ఉండిపోయింది. 2009లో కాలిఫోర్నియాకు చెందిన ఒక రేడియో వ్యాఖ్యాత తన శ్రోతల దగ్గర చందాలు పోగుచేసి దాన్ని చెల్లించాడు. మనలో పెన్షను బకాయిల కోసం ఎదురుచూసిన వారికి ఈ ముప్పై ఏళ్ల సంగతి విచిత్రంగా అనిపించకపోవచ్చు.

ఎస్పెరెన్స్ మ్యూజియంలో ఈనాటికీ ఆ ముక్కలు చూడవచ్చు. చిన్న ఊరికి అదొక గుర్తింపు అయింది. అదే స్కైలాబ్ మన వైపు పడి ఉంటే ఏం జరిగేదని నేను చాలాసార్లు ఆలోచించాను. సాలూరు షెడ్లలో లారీ బాడీలు కట్టే మేస్త్రీలు లోహాన్ని చేత్తో తట్టి రకం చెప్పగలరు. మంచి అల్యూమినియం రేకు దొరికితే వారంలో అది ఏదో ఒక లారీ క్యాబిన్‌కు అతుకు అయిపోయేది. వారిని తప్పుపట్టడం లేదు. వస్తువు విలువ తెలియాలంటే అది ఏమిటో ఎవరైనా చెప్పాలి కదా. పాత ఇనుము కింద కరిగిపోయిన చరిత్ర మన దేశంలో చాలా ఉంది.

స్కైలాబ్ పడిన సరిగ్గా నెలకు, 1979 ఆగస్టు 10న, మన శ్రీహరికోట నుంచి ఎస్.ఎల్.వి.-3 రాకెట్‌ను మొదటిసారి ప్రయోగించారు. దానికి సారథి అబ్దుల్ కలాం గారు. రెండవ దశలో నియంత్రణ వ్యవస్థ విఫలమైంది. 317 సెకన్లలో మొత్తం ప్రయాణం ముగిసి, రాకెట్ శ్రీహరికోటకు 560 కిలోమీటర్ల దూరంలో బంగాళాఖాతంలో పడిపోయింది. అంటే భారతదేశపు మొట్టమొదటి ఉపగ్రహ వాహనం అవశేషాలు మన సముద్రం అడుగునే ఉన్నాయన్నమాట. 1980 జులై 18న రెండవ ప్రయోగం విజయవంతమై 35 కిలోల రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి వెళ్లింది. ఓడిన రాకెట్టు కూడా గెలిచిన రాకెట్టంత విలువైన జ్ఞాపికే అని నా అభిప్రాయం. కాని దాన్ని ఎవరు తీస్తారు?

అంతకుముందు సంగతి ఆర్యభట్ట. 1975 ఏప్రిల్ 19న అప్పటి సోవియట్ యూనియన్‌లోని కపూస్తిన్ యార్ నుంచి ఎగిరిన మన మొదటి ఉపగ్రహం. బరువు 360 కిలోలు. యు.ఆర్. రావు గారి నాయకత్వంలో బెంగుళూరు పీణ్యాలోని షెడ్లలో తయారైంది. నాలుగైదు రోజులకే విద్యుత్ సరఫరా దెబ్బతిని ప్రయోగాలు ఆగిపోయాయి. అయినా అది కక్ష్యలో తిరుగుతూనే ఉండి 1992 ఫిబ్రవరిలో వాతావరణంలో ప్రవేశించి కాలిపోయింది. నిజమైన ఆర్యభట్ట ఇక ఏ మ్యూజియంలోనూ ఉండదు. ఉండేవి నమూనాలే.

కాని పెన్షనర్ మిత్రులారా, ఆ ఆర్యభట్ట మీ చేతుల్లోంచి కొన్ని వందల సార్లు పోయి ఉంటుంది. పాత రెండు రూపాయల నోటు వెనకవైపు తిప్పి చూడండి. అంతకుముందు నోటు మీద పులి ఉండేది. తర్వాత వచ్చిన నోట్ల మీద అనేక ముఖాలున్న పెట్టెలాంటి బొమ్మ ఒకటి అంతరిక్షంలో తేలుతున్నట్టు ఉంటుంది. అదే ఆర్యభట్ట. నెల మొదటి తేదీన జీతం కవరులోను, కిరాణా కొట్టు చిల్లరలోను, పెళ్లిళ్లలో బ్యాండు మేళం వారికి ఇచ్చిన ఈనాముల్లోను, పిల్లల చేతిలో పెట్టిన పండుగ కానుకల్లోను అది తిరిగింది. రెండు రూపాయల నోట్ల ముద్రణ 1995 ఫిబ్రవరిలో ఆగిపోయింది. నాణెం వచ్చాక నోటుకు కాలం చెల్లింది. దేశంలో ప్రతి ఇంటికీ చేరిన అంతరిక్ష జ్ఞాపిక అంటే నా దృష్టిలో అదొక్కటే. చినిగిన నోట్లను బ్యాంకుల వారు మార్చి నాశనం చేయడం మామూలే కనుక, మంచి స్థితిలో ఉన్నవి ఏటికేడాది తగ్గిపోతున్నాయి.

దానికి తమ్ముడి లాంటిది 2016 నవంబరులో వచ్చిన రెండువేల రూపాయల నోటు. వెనకవైపు మంగళయాన్ బొమ్మ. 2013 నవంబరు 5న శ్రీహరికోట నుంచి బయలుదేరి 2014 సెప్టెంబరు 24న అంగారక కక్ష్యలో చేరిన నౌక అది. ఆ నోటును 2023 మే 19న రిజర్వు బ్యాంకు చలామణి నుంచి ఉపసంహరించింది. మొదటి ఉపగ్రహం రెండు రూపాయల మీద, అంగారక యాత్ర రెండువేల మీద! రెండూ ఇప్పుడు చేతుల్లో కనిపించవు. పెన్షను తీసుకునేవాడు రెండువేల నోటును జ్ఞాపిక కింద దాచుకోవడం కష్టమే. నేనూ దాచలేదు, బ్యాంకులో వేసేశాను. రెండు రూపాయలవి మాత్రం ఏడు ఉన్నాయి.

ఇక స్టాంపులు. ఇది నా సొంత రంగం కనుక కాస్త విస్తరిస్తాను, విసుక్కోకండి. 1972 డిసెంబరు 30న విక్రమ్ సారాభాయ్ ప్రథమ వర్ధంతికి 20 పైసల స్టాంపు వచ్చింది. ఆయన బొమ్మతోపాటు రాకెట్ కూడా దాని మీద ఉంది. ఆర్యభట్ట ఎగిరిన మర్నాడే, అంటే 1975 ఏప్రిల్ 20న, 25 పైసల స్టాంపు విడుదలైంది. ప్రయోగం విఫలమై ఉంటే ఆ స్టాంపు కథ ఏమయ్యేదో! 1981 జులై 18న ఎస్.ఎల్.వి.-3 విజయానికి ఏడాది అయిన సందర్భంగా ఒక రూపాయి స్టాంపు వచ్చింది. 1982 జూన్ 19న ఆపిల్ ఉపగ్రహం మొదటి వార్షికోత్సవానికి రెండు రూపాయల స్టాంపు. ఆపిల్ అంటే ఎద్దుబండి మీద ఎక్కించి పరీక్షించిన ఉపగ్రహం. ఇనుము లేని ఆధారం మీద దాని యాంటెనాను పరీక్షించవలసి వచ్చి కర్రతో చేసిన బండి వాడారు. ఆ ఫొటోను మన పత్రికలన్నీ వేశాయి. 1984 ఏప్రిల్‌లో భారత సోవియట్ ఉమ్మడి అంతరిక్ష యాత్రకు మూడు రూపాయల స్టాంపు విడుదల చేశారు. ఆ రోజుల్లో మూడు రూపాయలు ఎక్కువ. అందుకే మామూలు ఉత్తరాల మీద అది అంటించినవారు తక్కువ. ఆ స్టాంపు అంటించి, తేదీ ముద్ర స్పష్టంగా పడి, నిజంగా ప్రయాణం చేసిన కవరు ఎవరి దగ్గరైనా ఉంటే జాగ్రత్తగా చూసుకోండి.

సేకర్తల్లో చాలామంది కొత్త స్టాంపుల వెంటే పడతారు. నాకు మాత్రం వాడిన కవరు మీదే మోజు. కొత్త స్టాంపు బ్యూరోలో కొనుక్కుంటే వస్తుంది. వాడిన కవరు మీద ఏ ఊరి ముద్ర ఏ తేదీన పడిందో, ఎవరు ఎవరికి రాశారో ఉంటుంది. ఎక్కడో బొంబాయిలో ఉన్న చెల్లెలు సాలూరులో ఉన్న అన్నగారికి రాఖీ పంపుతూ ఆర్యభట్ట స్టాంపు అంటించిందంటే, అదీ చరిత్రే.

ఆ 1984 యాత్రలో వెళ్లిన రాకేశ్ శర్మ గారు పటియాలాలో పుట్టినా చదువు హైదరాబాదులోనే. సెయింట్ జార్జ్ గ్రామర్ స్కూలు, ఆ తర్వాత నిజాం కాలేజీ. ఏప్రిల్ 3న ఒక నౌకలో వెళ్లి, 11న సోయుజ్ టి-10 అనే వేరొక నౌకలో దిగారు. ఆ దిగిన గోళం ఢిల్లీలోని నెహ్రూ ప్లానెటేరియంలో ఉంది. వాతావరణం రాపిడికి మాడిన దాని ఒళ్లు కళ్లారా చూడవచ్చు. ఢిల్లీలో ఉద్యోగాలు చేస్తున్న పిల్లల దగ్గరకు వెళ్లినప్పుడు ఎర్రకోట, కుతుబ్ మినార్ చూసి వచ్చేస్తాం. తీన్‌మూర్తి భవనం ఆవరణలో ఉన్న దీన్నీ చూసి రండి. మనిషిని అంతరిక్షం నుంచి తిరిగి తెచ్చిన వాహనం మన దేశంలో చూడాలంటే అక్కడికే వెళ్లాలి.

తపాలా వాళ్లకు ఆసక్తి కలిగించే ఒక విదేశీ ఉదంతం ఉంది. 1971లో అపోలో 15 నౌకలో చంద్రుడి దాకా వెళ్లిన ముగ్గురు వ్యోమగాములు దాదాపు నాలుగువందల పోస్టల్ కవర్లను అనుమతి లేకుండా వెంట తీసుకువెళ్లి తెచ్చారు. వాటిలో వంద జర్మనీలోని ఒక స్టాంపుల వ్యాపారి చేతికి చేరి అమ్ముడయ్యాయి. 1972లో సంగతి బయటపడింది. ముగ్గురూ మందలింపు పొందారు, మళ్లీ అంతరిక్షానికి వెళ్లలేదు. మిగిలిన 298 కవర్లను నాసా స్వాధీనం చేసుకుంది. 1983లో వాటిని తిరిగి ఇచ్చివేయవలసి వచ్చింది. అదే యాత్రలో నాయకుడు డేవిడ్ స్కాట్ 1971 ఆగస్టు 2న చంద్రుడి మీద నిలబడి, అధికారికంగా ఇచ్చిన ఒక కవరు మీద ముద్ర కొట్టాడు. అది ఇప్పుడు వాషింగ్టన్ పోస్టల్ మ్యూజియం వారి వద్ద ఉంది. మన వృత్తిలో అంతకంటె మారుమూల బ్రాంచి ఆఫీసు ఇంకొకటి ఉండదు. ఒకే నౌకలో ఒక కవరు గౌరవం తెచ్చింది, నాలుగువందలు ఉద్యోగం తీశాయి.

విలువ తెలియక పోగొట్టుకోవడం మన దేశానికే పరిమితం కాదు. నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ చంద్రుడి మీద మొదటి మట్టిని నింపిన సంచి ఎలాగో దారి తప్పి, 2015లో ప్రభుత్వ వేలంలో 995 డాలర్లకు అమ్ముడైంది. కొన్నది ఇల్లినాయిస్ రాష్ట్రానికి చెందిన ఒక మహిళా న్యాయవాది. పరీక్షకు పంపితే అసలు సంగతి తేలి నాసా తిరిగి ఇవ్వనన్నది. ఆమె కోర్టుకెక్కి గెలిచింది. 2017లో అది 18 లక్షల డాలర్లకు పోయింది. సముద్రం నుంచి వెలికితీసినవి ఇంకా గొప్పవి. 1961 జులై 21న గస్ గ్రిసమ్ అనే వ్యోమగామి దిగిన లిబర్టీ బెల్ 7 నౌక తలుపు ముందుగా ఊడిపోవడంతో అట్లాంటిక్‌లో మునిగిపోయింది. గ్రిసమ్ ఈది బతికాడు. ముప్పై ఎనిమిదేళ్ల తర్వాత 1999 జులై 20న సుమారు 4,900 మీటర్ల లోతు నుంచి దాన్ని పైకి తీశారు. లోపల ఆయన జ్ఞాపకార్థం తీసుకువెళ్లిన చిన్న వెండి నాణేలు దొరికాయి. ఎస్.ఎల్.వి.-3 గురించి నేను అడిగిన ప్రశ్నకు ఇదొక సమాధానం కావచ్చు.

ఆకాశం నుంచి రాలినవి మన తెలుగునాట నిజంగా దొరికే మార్గం ఇంకొకటి ఉంది, బెలూన్లు. హైదరాబాదులో టాటా ఫండమెంటల్ రీసెర్చ్ సంస్థ వారి బెలూన్ కేంద్రం దశాబ్దాలుగా పెద్ద ప్లాస్టిక్ బెలూన్లకు పరికరాలు కట్టి ముప్పై, నలభై కిలోమీటర్ల ఎత్తుకు పంపుతోంది. ప్రయోగం అయ్యాక పరికరాలు పారాచ్యూట్ మీద ఏ పొలంలోనో దిగుతాయి. ప్రతి ప్రయోగ కాలానికి ముందు వారు పత్రికల్లో ప్రకటన ఇస్తారు. విశాఖపట్నం, హైదరాబాదు, షోలాపూర్ గీత వెంబడి ఇవి పడవచ్చు, ముట్టుకోవద్దు, విప్పవద్దు, కొన్నింటిలో అధిక విద్యుత్తు ఉంటుంది, దగ్గరలోని పోలీస్ స్టేషనులో గాని పోస్టాఫీసులో గాని తెలపండి, తగిన బహుమానం ఇస్తాం అని అందులో ఉంటుంది. పోస్టాఫీసు అన్న మాట చదివిన ప్రతిసారీ నాకు సంతోషం. 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లా మొగిలిగుండ్ల గ్రామం పొలాల్లో గుడిసెంత గుండ్రటి వస్తువు దిగితే గ్రహాంతరవాసులు వచ్చారని జనం గుమిగూడారు. చూస్తే అది ఒక స్పెయిన్ కంపెనీ వారి ప్రయోగానికి ఇక్కడి నుంచే బెలూన్‌కు కట్టి పంపిన గది. అదే ఏడు ఏప్రిల్ 2న మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లా లాడ్‌బోరి గ్రామంలో నిజంగానే రాకెట్ ఉంగరం ఒకటి పడింది. చైనా రాకెట్‌ది కావచ్చని నిపుణులు చెప్పారు.

అలా దొరికిన దాన్ని ఇంట్లో పెట్టుకోవచ్చా అని మా మనుమడు అడిగాడు. కూడదు. 1967 నాటి అంతర్జాతీయ ఒడంబడిక ప్రకారం, ఎక్కడ పడినా ఆ వస్తువు పంపిన దేశానిదే. అడిగితే తిరిగి ఇవ్వాలి. నష్టం జరిగితే పంపిన దేశం పరిహారం ఇవ్వాలని 1972 నాటి మరో ఒప్పందం చెబుతుంది. 2023 జులైలో పశ్చిమ ఆస్ట్రేలియాలోని గ్రీన్ హెడ్ అనే చోట సముద్రతీరానికి నత్తగుల్లలు పట్టిన పెద్ద లోహపు డొల్ల ఒకటి కొట్టుకువచ్చింది. అది మన పి.ఎస్.ఎల్.వి. మూడవ దశ భాగమే అయి ఉంటుందని వారి అంతరిక్ష సంస్థ ప్రకటించింది. 1979లో అమెరికా వస్తువు ఎక్కడ పడిందో, నలభై నాలుగేళ్లకు అదే రాష్ట్రపు ఒడ్డుకు మన వస్తువు చేరింది. స్కైలాబ్‌కు భయపడి కోళ్లు తిన్న దేశం ఇంత దూరం వచ్చింది! ఎవరూ మనకు జరిమానా వేసినట్టు నేను వినలేదు.

పోగొట్టుకోవడమే కాదు, తిరిగి పట్టుకోవడం కూడా మన వాళ్లు నేర్చుకున్నారు. 2007 జనవరి 10న పంపిన 550 కిలోల ఎస్.ఆర్.ఇ.-1 అనే గోళాన్ని పన్నెండు రోజులు కక్ష్యలో తిప్పి, జనవరి 22న శ్రీహరికోటకు తూర్పున 140 కిలోమీటర్ల దూరంలో బంగాళాఖాతంలో దింపారు. పారాచ్యూట్లు విచ్చుకుని, తేలే బుంగలు ఉబ్బి, నీళ్లలో రంగు కలిసి గుర్తు చూపించగా తీరరక్షక దళం వారు పట్టుకుని తెచ్చారు. 2014 డిసెంబరు 18న అంతకంటె ఎన్నో రెట్లు పెద్దదాన్ని అండమాన్ సమీపంలో దింపి తీసుకువచ్చారు. 2023 అక్టోబరు 21న గగన్‌యాన్ పరీక్షా నౌక తీరానికి పది కిలోమీటర్ల దూరంలో సముద్రంలో దిగింది. అది తలకిందులుగా తేలినా నావికా దళం వారు జాగ్రత్తగా తెచ్చారు. రేపు మన మనుషులు ఎక్కబోయే నౌకను సముద్రం నుంచి ఎలా తీయాలన్న అభ్యాసం ఎక్కడ జరిగిందనుకుంటున్నారు? మన విశాఖపట్నంలో. 2023 జులైలో నావల్ డాక్‌యార్డులో, 2024 డిసెంబరు 6న విశాఖ తీరానికి ఆవల, అదే బరువు, అదే ఆకారం ఉన్న డొల్లతో నావికులు తర్ఫీదు చేశారు. ఆ డాక్‌యార్డులో పనిచేసి రిటైరైన వారు మన ఉత్తరాంధ్రలో చాలామంది ఉన్నారు. వారి పిల్లలు ఇప్పుడు అక్కడ ఉన్నారేమో కూడా.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, గత రెండు మూడేళ్లలో మన సభ్యుల్లో కొందరు కాలం చేశారు. ఒకరి ఇంట్లో ఆల్బమ్‌లు, పాత పత్రికల కత్తిరింపులు నిండిన ట్రంకు పెట్టె ఉండేదని నాకు తెలుసు. కర్మలు అయ్యాక ఇల్లు ఖాళీ చేసే తొందరలో అది కిలోల లెక్కన పోయింది. పిల్లలది తప్పనలేను. అందులో ఏముందో వారికి ఎవరూ చెప్పలేదు. ఆయన బతికుండగా ఒక్క చీటీ మీద రాసి పెట్టెలో వేసి ఉంటే ఇద్దరు ముగ్గురైనా ఫోన్ చేసేవారు. కనుక నా మనవి ఇంతే. మీ దగ్గర ఉన్న వాటి పేర్లు, ఏ ఏడు ఎలా వచ్చాయో ఒక కాగితం మీద రాసి పైన పెట్టండి. స్టాంపులకు, నోట్లకు సెల్లో టేపు తగిలించకండి, లామినేషన్ చేయించకండి. రెండూ కాగితాన్ని తినేస్తాయి. స్టాంపులను కవరు నుంచి ఊడదీయకండి, కవరుతో సహా ఉంచండి. మన తడి గాలికి చెదలు త్వరగా పడతాయి కనుక వర్షాకాలం అయ్యాక ఒకసారి నీడలో ఆరబెట్టండి.

సాలూరు 2022 ఏప్రిల్ 4 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. నా జీవితంలో మూడు జిల్లాల పేర్లు ఈ ఊరి ఉత్తరాల మీద చూశాను. శ్రీకాకుళం జిల్లా అని ముద్ర పడి, 1979 జులైలో పోస్టయిన కవరు ఒకటి నా దగ్గర ఉంది. కొత్త ముద్ర అందక పాతదే వాడిన రోజులవి. దాని పక్కన పెట్టడానికి 1979 జులై 12వ తేదీ, స్కైలాబ్ పడిందని రాసిన తెలుగు దినపత్రిక పూర్తి ప్రతి కోసం చాలాకాలంగా వెతుకుతున్నాను. మైక్రోఫిల్ము, జిరాక్సు కాదు, కాగితమే కావాలి. అటక మీది పెట్టెల అడుగున, బీరువా అరల్లో, పెళ్లి పటాల వెనక అట్టగా పాత పేపర్లు పరచిన ఇళ్లు మనవి. ఈ సంక్రాంతికి దులిపేటప్పుడు తేదీ చూసి తీయండి.